ఆనకట్టకు దిగువన: తెనాలి, బాపట్ల, రేపల్లె చిత్తడి నేలల మొక్కల చరిత్ర

వ్యాససంగ్రహం

కృష్ణానది పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో మంచినీటి పల్లాలు, కాలువలు, దొరువులు, ఉప్పుటేర్లు, మడ అడవులు ఒకదానిపక్కన ఒకటి అమరి ఉన్నాయి. ఈ నీటి తావుల మొక్కల వైవిధ్యం గత రెండు శతాబ్దాలలో ఎలా మారిందో, ఆ మార్పుకు నీటిపారుదల, మురుగుపారుదల, వరి, రొయ్యల చెరువులు ఎంతవరకు కారణమయ్యాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కృష్ణా డెల్టా, చిత్తడి నేలలు, మడ అడవులు, దొరువు, నివ్వరి, ఫ్లోరా ఆంధ్రికా.

ఉపోద్ఘాతం

చిత్తడి నేల అనగానే ఆంధ్రప్రదేశ్‌లో ముందుగా స్ఫురించేది కొల్లేరు. 1999లో అభయారణ్యంగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరి, 2006లో చేపల చెరువుల గట్ల తొలగింపుతో పత్రికలకెక్కిన ఆ సరస్సుపై పరిశోధన, వివాదం, వార్త అన్నీ సమృద్ధిగా ఉన్నాయి. కృష్ణకు పడమటి ఒడ్డున ఉన్న తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలకు అటువంటి ఒక్క పేరు లేదు. అక్కడ ఉన్నది ఒక సరస్సు కాదు. ఊరికొక మంచినీటి చెరువు, పశువుల చెరువు, పొలానికొక బోదె, కాలువకొక మురుగు, రైలుకట్ట పక్కన మట్టి తవ్విన గోతులు, సముద్రం దరిన ఉప్పుకయ్యలు. విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ చెప్పుకోదగినదిగా కనిపించదు. కలిపి చూస్తే ఆ నేల అంతా ఒక చిత్తడి నేల.

1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక ఇచ్చిన నిర్వచనం ఈ దృష్టికి బలమిస్తుంది. సహజమైనదైనా మానవనిర్మితమైనదైనా, నిత్యమైనా తాత్కాలికమైనా, నిలిచినదైనా పారేదైనా, తీపినీరైనా ఉప్పునీరైనా, నీరు ఆవరించిన నేల చిత్తడి నేలే. భారతదేశం 1982లో ఆ ఒడంబడికలో చేరింది. ఆ నిర్వచనం ప్రకారం వరిచేను కూడా చిత్తడి నేల. ఈ మాట పశ్చిమ డెల్టాకు ఎంత ముఖ్యమో వ్యాసం చివర తేలుతుంది.

పరిపాలనాపరంగా ఈ మూడు ప్రాంతాలు నేడు ఒకే జిల్లాలో లేవు. 1859లో పాత గుంటూరు జిల్లా రద్దయి కృష్ణా జిల్లాలో కలిసింది. 1904లో గుంటూరు జిల్లా మళ్ళీ ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు బాపట్ల, రేపల్లె అందులోకి వెళ్ళగా తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచింది. నీరు మాత్రం ఈ హద్దులను పట్టించుకోలేదు. తెనాలి మీదుగా పారిన కాలువ నీరే బాపట్ల, రేపల్లె మురుగుల ద్వారా సముద్రం చేరుతుంది.

నేల తీరు, ఊళ్ళ పేర్లు

డెల్టా సమతలమన్నది దూరం నుంచి చూసినవారి మాట. దగ్గరకు వెళితే అరమీటరు ఎత్తుపల్లాల తేడాయే మొక్కల ప్రపంచాన్ని నిర్ణయిస్తుంది. కృష్ణ ఒకప్పుడు పారి విడిచిన పాయల గట్లు కాస్త ఎత్తుగా ఉంటాయి. వాటి మధ్య నల్లరేగడి పల్లాలలో నీరు నిలుస్తుంది. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ తీరానికి సమాంతరంగా పాత ఇసుకమేటలు వరుసలు తీరి కనిపిస్తాయి. సముద్రం క్రమంగా వెనక్కు జరుగుతూ వదిలివెళ్ళిన తీరరేఖలివి. బాపట్ల పరిసరాలలో ఈ మేటలు స్పష్టంగా తెలుస్తాయి. రెండు మేటల నడుమ ఉన్న పొడవాటి పల్లంలో వానాకాలమంతా నీరుంటుంది. రేపల్లెకు దిగువన నిజాంపట్నం వైపు ఇసుక తగ్గి బురద పెరుగుతుంది. అక్కడ పోటునీరు వాగుల వెంట లోపలికి వస్తుంది.

ఈ భూస్వరూపాన్ని పటం గీయకముందే జనం ఊళ్ళ పేర్లలో నమోదు చేశారు. సూర్యలంక, లంకెవానిదిబ్బ, అడవులదీవి. లంక, దిబ్బ, దీవి అనే మూడు మాటలూ చుట్టూ నీరున్న మెరకనే చెబుతున్నాయి. అడవులదీవి పేరులో అడవి కూడా ఉన్నది. నిజాంపట్నం సమీపంలోని ఆ ఊరికి అడవి అంటే మడ అడవి తప్ప మరొకటి కాదు. బాపట్ల వద్ద వెదుళ్ళపల్లి, జిల్లెళ్ళమూడి, జమ్ములపాలెం ఉన్నాయి. వెదురు, జిల్లేడు, జమ్ము అని అర్థం చెప్పడానికి ఆశ కలుగుతుంది గాని, ఊరిపేరు ఇంటిపేరు నుంచి కూడా రావచ్చు గనుక ఒక్క పేరుతోనే వృక్షచరిత్ర రాయడం ప్రమాదం. రొంపేరు విషయం అంత సందిగ్ధం కాదు. రొంపి నిండిన ఏరుకు ఆ పేరు సహజం. బాపట్ల ప్రాంతపు నల్లమడ వాగు మరో ఆసక్తికరమైన పేరు. ఉప్పునీటి చెట్టు అవిసీనియా అఫిసినాలిస్‌కు తెలుగులో నల్లమడ అనే పేరున్నది. వాగు పేరూ చెట్టు పేరూ ఒకటే కావడం ఆలోచింపజేస్తుంది. అంతకు మించి వాదించనక్కరలేదు.

ఇసుకమేటల వద్ద రైతులు కనుగొన్న జలవిద్య దొరువు. బాపట్ల, చీరాల తీరపు ఇసుకలో ఉప్పునీటిపైన వాననీరు పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. లోతుగా తవ్వితే ఉప్పు తగులుతుంది. అందుకే పైపొరను మాత్రమే అందుకొనేటట్లు ఏటవాలు అంచులతో వెడల్పాటి గుంట తీసి, కుండలతో ముంచి నారుమళ్ళకు, కూరమళ్ళకు పోసేవారు. చిన్న గుంటే అయినా దొరువు ఒక సంపూర్ణమైన చిత్తడి తావు. అడుగున నీటిమొక్కలు, తడి అంచున తుంగ, నీటి సాంబ్రాణి, సరస్వతాకు, పొన్నగంటికూర, ఆపైన పొడి ఇసుకలో బాలబంద తీగ, రావణాసురుని మీసాలు. పది అడుగుల దూరంలో నీటిమొక్క నుంచి ఎడారిమొక్క వరకు వరుసగా కనిపించే తావులు డెల్టాలో మరెక్కడా లేవు. బాపట్లలోని ఉప్పునీటి వ్యవసాయ పరిశోధన పథకం శాస్త్రవేత్తలు ఈ దొరువునే ఆధారం చేసుకొని, ఇసుకలో అడ్డంగా రంధ్రాల గొట్టాలు పరచి పైపొర నీటిని ఒక బావిలోకి చేర్చే మెరుగైన పద్ధతిని రూపొందించారు. నీరు దొరికింది, శ్రమ తగ్గింది, సాగు పెరిగింది. తెరిచిన గుంట అంచున బతికే మొక్కలకు మాత్రం ఆ బావిలో చోటు లేదు.

పేర్లు నమోదైన కాలం

ఈ తీరపు మొక్కలను ఆధునిక శాస్త్రపద్ధతిలో నమోదు చేసినవారిలో విలియం రాక్స్‌బర్గ్ ముఖ్యుడు. 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉండి, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించి, తరువాత కలకత్తా వృక్షశాలకు వెళ్ళాడు. 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడిన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ గ్రంథంలో 300 రంగుల చిత్రాలున్నాయి. అతడు మొక్కల తెలుగు పేర్లను అడిగి రాసుకొన్నాడు. సోమిద చెట్టు పేరు లాటిన్‌లో సోయ్‌మిడాగా స్థిరపడింది ఆ మార్గంలోనే. అయితే రాక్స్‌బర్గ్ కార్యక్షేత్రం ప్రధానంగా గోదావరి వైపు. కృష్ణకు పడమటి పల్లాల గురించి తెలుసుకోవడానికి మరో గ్రంథం దగ్గరకు వెళ్ళాలి.

అది వాల్టర్ ఇలియట్ 1859లో మద్రాసులో ప్రచురించిన ‘ఫ్లోరా ఆంధ్రికా’. ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాలలో సాధారణంగా కనిపించే మొక్కల తెలుగు పేర్లకు శాస్త్రీయనామాలు జోడించిన పట్టిక ఇది. ఇలియట్ 1845లో గుంటూరు జిల్లా శిస్తు ఎందుకు పడిపోయిందో విచారించడానికి వచ్చినవాడు. అదే ఏడు అమరావతి శిల్పాలను తవ్వించాడు. తరువాత ఉత్తర సర్కారులకు కమిషనరుగా పనిచేశాడు. చరిత్రకారులు అతనిని అమరావతి ద్వారానే ఎక్కువగా తలచుకొంటారు. మొక్కల పట్టిక మరుగునపడింది. ఇది న్యాయం కాదు. శిల్పాలు మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. పట్టికలోని పేర్లు మాత్రం వాటిని పలికే నోళ్ళతోపాటే పోతున్నాయి.

ఆ పట్టిక కాలం గమనింపదగినది. కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయింది. పుస్తకం అచ్చయింది అందుకు 4 ఏళ్ళ తరువాత. ఇలియట్ పేర్లు సేకరించిన ఏళ్ళలో చాలా భాగం ఆనకట్టకు ముందువి. కాలువలు లేని గుంటూరు సీమ మొక్కలను పిలిచిన తెలుగు మాటలు అందులో ఉన్నాయి. డెల్టా స్వరూపం మారడానికి సరిగ్గా ముందు తీసిన లెక్కగా దానిని చదవవచ్చు. ఒక మొక్కకు ప్రత్యేకమైన పేరున్నదంటే జనానికి దానితో ఏదో పని ఉన్నదని అర్థం. కూరకో, మందుకో, చాపకో, మేతకో పనికిరాని మొక్కకు పల్లెలో సాధారణంగా పేరుండదు. ‘గడ్డి’, ‘నాచు’, ‘పిచ్చిమొక్క’ అంటారు. కాబట్టి అటువంటి పట్టిక వృక్షజాబితా మాత్రమే కాదు, జీవనోపాధుల జాబితా కూడా. దాని తరువాత జె. ఎస్. గాంబుల్ ప్రారంభించగా సి. ఇ. సి. ఫిషర్ ముగించిన మద్రాసు రాజధాని వృక్షగ్రంథం 1915 నుంచి 1936 వరకు భాగాలుగా వచ్చింది. శాస్త్రానికి అది మేలైన ఆధారం. జనం నోటిలోని మొక్కలకు మాత్రం ఇలియట్ పట్టికే దగ్గర.

ఆనకట్ట తెచ్చిన కొత్త ఋతువు

1832-33లో, నందననామ సంవత్సరంలో, గుంటూరు జిల్లాను డొక్కల కరువు తుడిచిపెట్టింది. లక్షకు పైగా మనుషులు చనిపోయారు. ఆ స్మృతి లేకుండా ఆనకట్ట చరిత్రను చెప్పడం తప్పు. నీరు ప్రాణాలను నిలపడానికి వచ్చింది. ఆర్థర్ కాటన్ ప్రేరణతో, కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణలో 1852లో బెజవాడ వద్ద పని మొదలై మూడేళ్ళలో ముగిసింది. పశ్చిమపు కాలువలు తెనాలి వరకు వచ్చి అక్కడ తూర్పు కాలువ, నిజాంపట్నం కాలువ, పశ్చిమ కాలువలుగా ఊరి నడుమ నుంచే పారాయి. కొమ్మమూరు కాలువ పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువతో కలిసి మద్రాసు వరకు పడవదారి ఏర్పడింది. 1952లో పాత ఆనకట్ట తెగింది. 1957 నాటికి ప్రకాశం బ్యారేజి దాని స్థానంలో నిలిచింది.

కాలువలు నీటిని మాత్రమే తెచ్చాయనుకోవడం సగం నిజం. అవి కొత్త ఋతువును తెచ్చాయి. పూర్వం పల్లంలో నీరు వానలతో, వరదలతో వచ్చి, చలికాలం వెళ్ళేసరికి ఇంకిపోయేది. ఆ నేల మొక్కలు ఆ లయకు అలవాటుపడ్డవి. నీరుండగా మొలిచి, పూచి, నీరు తగ్గగానే విత్తనమో దుంపో బురదలో దాచి ఎండను గడుపుకొనేవి. కలువ దుంప, చికిలింతకూర గింజకాయ, నివ్వరి గింజ ఈ తరహావి. కాలువలు వచ్చాక నీరు వానకు ముందే వచ్చి, వాన వెళ్ళాక కూడా నిలిచింది. వేసవిలో కాలువ కట్టివేయడంతో ఒక్కసారిగా ఆగింది. నీరు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో మేఘం బదులు నీటిపారుదల శాఖ నిర్ణయించసాగింది. ఈ కొత్త క్యాలెండరుకు సర్దుకొన్న మొక్కలు విస్తరించాయి, సర్దుకోలేనివి అంచులకు తొలగాయి.

జరిగినది నష్టమొక్కటే కాదు. ఇక్కడే ఈ చరిత్ర సాధారణ విలాపాలకు భిన్నమైనది. కాలువ కట్టడానికి మట్టి తీసిన గోతులు, 1916లో గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లెకు వేసిన రైలుకట్ట పక్క గుంటలు, కాలువ నీటితో నిండే ఊరి చెరువులు, వేలాది మైళ్ళ బోదెలు అంతకుముందు లేని నీటి తావులు. తామర, కలువ, జమ్ము, తూటికూర, నీరుగొబ్బి, అంతరతామర వంటివి వీటిలో స్థిరపడ్డాయి. వరిగట్టు స్వయంగా ఒక వృక్షశాల. గట్టుమీద గుంటగలగర, పొన్నగంటికూర, చేనులో ఊద, తుంగ, బోదెలో చికిలింతకూర, నీటి జీలుగ. కలుపుతీతకు వెళ్ళిన స్త్రీ పీకిన మొక్కలన్నీ పారేసేది కాదు. కొంత కొంగున కూరకు, కొంత గంపలో పశువుకు వెళ్ళేది. నీటి జీలుగ కాండం లోపలి తెల్లటి మెత్తని బెండు పెళ్ళి బాసికాలకూ, బొమ్మలకూ, చేపలవలకు తేలికట్లుగానూ ఉపయోగపడింది. జమ్ముతో చాపలూ తడికలూ అల్లారు. ఈ వాడుకలన్నీ మానవనిర్మిత నీటి తావుల మీద ఆధారపడ్డవే. డెల్టా మొక్కల సంపద అంతా ప్రకృతి ఇచ్చిందే అనుకొంటే పార పట్టినవారి, కలుపు తీసినవారి పాత్ర కనబడకుండా పోతుంది.

మురుగు, వలస మొక్కలు

కాలువ వేసినంత శ్రద్ధగా మురుగు వేయలేదు. నీరు వచ్చే దారి ఉన్నది, పోయే దారి ఇరుకు. పల్లపు చేలు వానలకు మునిగేవి. 1960లలో మిత్ర కమిటీ డెల్టా మురుగుల గురించి సిఫారసులు చేసింది. 1968లో కృష్ణా, గోదావరి డెల్టాలకు మురుగుపారుదల పన్ను చట్టం వచ్చింది. రేపల్లె, భట్టిప్రోలు మురుగుల వంటివి లోతు చేయడం, తిన్నగా తవ్వడం అప్పటి నుంచీ ఆగకుండా సాగుతున్న పని. మునక తగ్గడం రైతుకు తప్పనిసరి అవసరం. అయితే వంకరలు పోయి తిన్ననైన మురుగులో లోతు తక్కువ అంచులుండవు. మొక్కల వైవిధ్యమంతా ఆ అంచులలోనే ఉంటుంది.

ఖాళీ అయిన ఆ స్థలాన్ని వలస వచ్చినవి ఆక్రమించాయి. అమెజాను నదీప్రాంతం నుంచి అందమైన ఊదాపువ్వు కోసం 19వ శతాబ్ది చివర బెంగాలుకు చేరిన గుర్రపుడెక్క నేడు తెనాలి కాలువల నుంచి తీరపు మురుగుల దాకా కనిపిస్తుంది. ఎరువుల సారం కలిసిన నిలవ నీరు దానికి విందు. అది పరచుకొన్న చోట వెలుతురు కిందికి దిగదు, నీటిలో మునిగి పెరిగే నాచుజాతులు నశిస్తాయి, ప్రాణవాయువు తగ్గి చేప పోతుంది. దక్షిణ అమెరికా నుంచే వచ్చిన లొట్టపీచు కాలువగట్లను కప్పింది. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటిన సర్కారుతుమ్మ సంతతి తీరపు చవిటినేలలను ఆక్రమించింది. దేశీయమైన జమ్ము సైతం ఎరువు నీటితో అదుపు తప్పి, చిన్న మొక్కలకు చోటు లేకుండా చేస్తున్నది. గతంలో చాపల కోసం ఏటా కోసేవారు గనుక అది అదుపులో ఉండేది. ప్లాస్టిక్ చాప వచ్చి జమ్ముకు స్వేచ్ఛనిచ్చింది. వాడుక ఆగిపోతే మొక్క బాగుపడుతుందన్న నమ్మకానికి ఇది చక్కని సమాధానం.

పోటునీటి అడవి

రేపల్లెకు దిగువన కథ వేరు. అక్కడ నీటిలో ఉప్పే పాలకుడు. తెల్లమడ ఆకుల మీది గ్రంథుల ద్వారా ఉప్పును బయటికి నెట్టి, బురదలోంచి పైకి పొడుచుకువచ్చిన వేళ్ళతో గాలి పీల్చుతుంది. ఉప్పుపొన్న గింజ తల్లిచెట్టు మీదనే మొలకెత్తి, పొడవైన ఈటెలా బురదలో గుచ్చుకొంటుంది. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం గనుక కట్టెలు కొట్టేవారు దాని జోలికి జంకుతూ వెళ్ళేవారు. నల్లమడ, గుగ్గిలం, ఇలకూర, ఉప్పుశనగ, నీటి అంచున దబ్బగడ్డి ఇక్కడి మరికొన్ని. కృష్ణ మడ అడవి సుందరవనాలంత సంపన్నం కాదు, కోరింగ అంత విశాలం కాదు. తెల్లమడ, తిల్ల వంటి ఓర్పుగల జాతులే ఎక్కువ, తీపినీరు కోరే సున్నితపు జాతులు తక్కువ. కాని కృష్ణముఖంలో ఇటు నిజాంపట్నం, అటు దివిసీమ కలిసి ఏర్పడిన ఈ పట్టీ ఆ నదికి మిగిలిన ఒకే ఒక్క ఉప్పునీటి అడవి. దానిలో కొంత భాగం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలో ఉన్నది.

నిజాంపట్నం అపరిచితమైన మూల కాదు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ పెట్టపోలి అని వారు పిలిచిన ఈ రేవుకే వచ్చింది. డచ్చివారు అంతకు ముందే ఇక్కడ వ్యాపారం పెట్టారు. ఓడలు బట్ట కోసం వచ్చాయి. మడ అడవి వారి లెక్కలలో రేవుకు అడ్డం వచ్చే బురద మాత్రమే. దాని విలువ సముద్రం పొంగినప్పుడు గాని పైవారికి తెలియలేదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచి పదివేల మందిని బలిగొన్నది. రేపల్లె తీరమూ దెబ్బతిన్నది. ఆపైన తీరమంతా గాలిని అడ్డుకొనేందుకు సరుగుడు తోటలు పెరిగాయి. సరుగుడు త్వరగా పెరుగుతుంది, కట్టెకు ధర వస్తుంది. అయితే ఇసుకమేట మీద వందల ఏళ్ళుగా అల్లుకొన్న తీగలూ గడ్డులూ ఆ నీడలో, ఆ రాలిన ఆకుల మందపు పరుపు కింద నిలవలేవు. తీరాన్ని కాపాడుతూనే తీరపు మొక్కలను తగ్గించిన ఉదాహరణ ఇది.

తరువాతి దెబ్బ రెండు దిక్కుల నుంచి వచ్చింది. ఎగువన నాగార్జునసాగర్ మొదలుకొని వరుసగా కట్టిన జలాశయాలు తీపినీటినీ ఒండ్రునూ ఆపాయి. 21వ శతాబ్ది తొలి ఏళ్ళలో కొన్ని సంవత్సరాలు కృష్ణ నుంచి సముద్రానికి చేరిన నీరు దాదాపు శూన్యం. తీపినీరు తగ్గితే ముఖద్వారంలో ఉప్పు పెరుగుతుంది, ఒండ్రు రాకపోతే తీరం కోతకు లోనవుతుంది. దిగువన రొయ్య వచ్చింది. 1990ల తొలినాళ్ళలో టైగర్ రొయ్య ధర చూసి వరిచేలు, పర్ర భూములు, మడల అంచులు చెరువులుగా మారాయి. 1991లో తీరప్రాంత నియంత్రణ ప్రకటన వచ్చి మడ అడవులను అత్యంత రక్షిత శ్రేణిలో చేర్చింది. తెల్లమచ్చ వ్యాధి 1994-95లో ఆ చెరువులను కుదిపింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసు తీర్పులో నియంత్రిత మండలంలోని రొయ్యల చెరువులను తొలగించమన్నది. 2005లో తీరప్రాంత ఆక్వాసాగు ప్రాధికార చట్టం వేరే దారి చూపింది. 2009 తరువాత వెనామీ రొయ్యతో రెండో విజృంభణ మొదలైంది. చెరువులోని ఉప్పునీరు పక్క చేనులోకి ఊరడం, రైతుల మధ్య తగాదాలు రావడం ఈ తీరంలో నిత్యానుభవం. మొక్కలకు ఆ తగాదా కూడా లేదు.

1990ల చివరలో ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ అటవీశాఖతోనూ తీరగ్రామాలతోనూ కలిసి కృష్ణా, గోదావరి మడలను పునరుద్ధరించే పని చేపట్టింది. చేపముల్లు ఆకారంలో పిల్లకాలువలు తవ్వి, ఉప్పు పేరుకొని బంజరైన నేలలోకి పోటునీరు వచ్చిపోయేలా చేసి, ఆపైన మొక్కలు నాటడం అందులోని మెలకువ. నీటి కదలికను సరిచేస్తే మొక్క తనంతట తానే వస్తుందని ఆ అనుభవం తేల్చింది. నాటిన మొక్కల్లో తెల్లమడదే పెద్ద వాటా కావడం వల్ల పచ్చదనం పెరిగినంత వేగంగా వైవిధ్యం పెరగదన్న సంగతిని మాత్రం ఉపగ్రహ చిత్రం చెప్పదు.

వరి, దాని అడవి బంధువులు

బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లో ఏర్పడింది. అక్కడి వరి పరిశోధన నుంచి 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అంటే సాంబ మసూరి, దేశంలోని సన్నబియ్యపు రుచినే మార్చింది. ఆ వరికి ఎండాకు తెగులు పెద్ద బలహీనత. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంచాలకాలయం శాస్త్రవేత్తలు మూడు నిరోధక జన్యువులను దానిలోకి చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశారు. వాటిలో బలమైన జన్యువు ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి ఒరైజా లాంజిస్టామినేటా నుంచి వచ్చింది. బాపట్ల చేనుకు రక్షణ ఎక్కడో పడమటి ఆఫ్రికా చిత్తడి నుంచి చేరిందన్నమాట.

అటువంటి అడవి బంధువు డెల్టాలోనూ ఉన్నది. గుంటల అంచున, చెరువుల బురదలో పెరిగే నివ్వరి. సంస్కృత నీవార శబ్దం నుంచే 1965లో శర్మ, శాస్త్రి అనే శాస్త్రవేత్తలు దానికి ఒరైజా నివారా అని నామకరణం చేశారు. ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన నివ్వరి గింజల నుంచే వరికి గడ్డిమొండి తెగులును తట్టుకొనే గుణం దొరికింది. 1970ల నుంచి ఆసియాలోని కోట్లాది ఎకరాల వరి ఆ గుణంతో నిలిచింది. తెల్లమడ జన్యువులను ఉప్పు తట్టుకొనే వరి కోసం పరిశీలించిన పరిశోధన కూడా ఉన్నది. ఇంతటి బంధువును పశ్చిమ డెల్టా రైతు కలుపుగానే ఎరుగును. గింజ పండగానే రాలిపోయి, ముల్లు గుచ్చుకొని, మేలురకపు విత్తనంలో కలిసి ధర తగ్గిస్తుంది గనుక అతని కోపంలో తప్పు లేదు. గుంట పూడ్చినప్పుడు ఏమి పోయిందో లెక్క రాసే బాధ్యత అతనిది కాదు. ఇటీవలి దశాబ్దాలలో కూలి ఖర్చు పెరిగి కలుపుమందుల వాడకం హెచ్చింది. చేతితో తీసే కలుపులో ఏది ఉంచాలో ఏది పీకాలో చూపు నిర్ణయించేది. మందుకు ఆ చూపు లేదు. నివ్వరితోపాటు చికిలింతకూర, పొన్నగంటికూర, గుంటగలగర ఒకే జాబితాలో చేరాయి.

చట్టం చూసే నేల

2017లో కేంద్రం చిత్తడి నేలల నియమాలను సవరించింది. రామ్‌సర్ నిర్వచనాన్ని తీసుకొంటూనే నదీప్రవాహ మార్గాలను, వరిపొలాలను, తాగునీటి కోసం నిర్మించిన చెరువులను, ఆక్వాసాగుకు, ఉప్పు తయారీకి, విహారానికి, నీటిపారుదలకు నిర్మించిన కట్టడాలను అందులోంచి మినహాయించింది. ఈ జాబితాను తెనాలి నుంచి నిజాంపట్నం వరకు నడుస్తూ చదివితే కొత్త సంగతి బయటపడుతుంది. నదిపాయ మినహాయింపు. పొలం మినహాయింపు. మంచినీటి చెరువు మినహాయింపు. కాలువ మినహాయింపు. రొయ్యల చెరువు, ఉప్పుకొఠారు మినహాయింపు. మిగిలేది తీరపు మడ అడవి. అది ఇప్పటికే అటవీ, తీరప్రాంత చట్టాల కింద ఉన్నది. మినహాయింపుకు కారణం లేకపోలేదు. వరిచేనును చిత్తడి నేలగా ప్రకటిస్తే రైతు దున్నడానికి అనుమతి అడగాలా అన్న భయం సహేతుకమైనదే. అయినా ఒక డెల్టాలోని నీటిమొక్కలలో అత్యధిక భాగం బతికే తావులు చట్టం కంటికి ఆనకపోవడం ఆ భయానికి తగిన పరిష్కారం కాదు. గట్టు అంచున ఒక మూర వెడల్పు, మురుగు వంపులో ఒక గుంట, ఊరిచెరువులో ఒక మూల విడిచిపెట్టడానికి భూమి ఎవరిదీ లాక్కోనక్కరలేదు.

మురుగుల పూడికతీత అంచనాలలో నీటిలో పెరిగేదంతా ‘తూడు’ అనే ఒక్క పద్దు కింద వస్తుంది. గుర్రపుడెక్క తీసే యంత్రం కలువదుంపనూ, నివ్వరినీ, నీటి జీలుగనూ అదే గట్టుమీద పోస్తుంది. పద్దును రెండుగా విడదీయాలంటే ముందు ఏ మురుగులో ఏది పెరుగుతున్నదో తెలిసి ఉండాలి. ఇలియట్ పట్టికలోని నీటిమొక్కల పేర్లను పట్టుకొని, తెనాలి కాలువల మొదలు నుంచి అడవులదీవి ఉప్పుటేర్ల చివర వరకు, కలుపుతీతలో వయసు గడిపిన స్త్రీలను ఒక్కొక్క పేరూ అడుగుతూ పోయే సర్వే అందుకు తొలిమెట్టు. చెరువు గర్భంలో నీరు తగ్గి దుంపలు బయటపడే కాలువ కట్టివేత నెలలూ, మొదటి తడికి మొలకలు లేచే జూన్, జూలై నెలలూ అందుకు తగిన కాలాలు.